నాయన తుపాకికి పట్టిన తుప్పు

మా ఇంటి బీరువాలో కొన్నేండ్లపాటు ఒక తుపాకి ఉండేదని చెబితే ఈ పత్రిక చదివే సహోదరీ సహోదరులు కొందరు ఆశ్చర్యపడవచ్చు. సంతోష్‌నగర్‌లో రెండు గదుల ఇల్లు, కిటికీ తెరిస్తే పక్కింటి గోడ, సందు చివర టీ కొట్టు. ఇటువంటి చోట తుపాకితో పనేమిటి? నిజానికి మాకు దానితో ఏ పనీ లేదు. ఆ పనిలేనితనమే ఈ కథకు మూలం.

అది మా నాయనది. మా ఇద్దరిలో ఒకరికి ఆయన కన్నతండ్రి, మరొకరికి మామగారు. అయినా ఇద్దరమూ 'నాయనా' అనే పిలిచేవాళ్ళము. మా సొంత ఊరు అచ్చంపేట దాటిన తరువాత, నల్లమల అడవి అంచున ఉన్నది. వేరుశనగ, జొన్న, ఆముదాలు పండే చెలకలు. పంట చేతికొచ్చే రోజుల్లో అడవిపందులు రాత్రిపూట గుంపుగా దిగి ఒక్క పూటలో ఎకరం చేను దున్నేసి పోతాయి. కాపలాకు మంచె, మంట, డబ్బా చప్పుడు చాలక, నాయన 1974లో లైసెన్సు తెచ్చుకొని పన్నెండు బోరు తుపాకి కొన్నారు. పక్కపక్కన రెండు గొట్టాలు, వాల్‌నట్ కర్ర పిడి, నల్లని నీలపు నిగనిగ. మాకు తెలిసినంతలో ఆ తుపాకితో ఆయన ఏ ప్రాణినీ చంపలేదు. మంచె మీద నిలబడి ఆకాశంలోకి ఒక తూటా పేల్చేవారు. కొండ అవతలి నుండి ఆ చప్పుడు తిరిగివచ్చేది. పందులు ఆ రాత్రికి మళ్ళీ వచ్చేవి కావు. అటవీశాఖ అనుమతి లేకుండా అడవి జంతువును కొట్టరాదని 1972 నాటి వన్యప్రాణి చట్టం చెబుతుందని ఆయనకు బాగా తెలుసు.

రాత్రి కాల్చిన తుపాకిని తెల్లవారి తుడవకుండా ఆయన గంజి కూడా తాగేవారు కాదు. ముందు రెండు గొట్టాలూ ఖాళీయేనా అని చూసేవారు. మళ్ళీ ఒకసారి చూసేవారు. ఆ తరువాత మమ్మల్ని పిలిచి మా చేత చూపించేవారు. అది అయినాకే గుడ్డ, నూనె బయటికి వచ్చేవి. "ఇనుముకు తడి ఒక శత్రువు, మనిషి చెమట ఇంకొక శత్రువు. ముట్టుకున్నోడే తుడువాలె" అనేవారు. పిల్లలుగా ఉన్నప్పుడు ఆ మాట వినీ వినీ మాకు విసుగు పుట్టేది.

2016లో అమ్మ పోయింది. నాయనను ఒంటరిగా ఉంచలేక మేము సంతోష్‌నగర్ తీసుకువచ్చాము. అన్న, వదిన ఊళ్ళోనే సేద్యం చేసుకుంటున్నారు. నాయన వారి దగ్గర ఉండవచ్చును గాని, ఆయనకు కండ్లు, గుండె రెండూ చూపించవలసిన అవసరం వచ్చింది. ఆ సంగతిలో ఎవరికీ మనస్పర్థ లేదు. మనస్పర్థ ఎక్కడ వచ్చిందంటే, అంతకు ముందు మా ఇంటి కొనుగోలు కోసం రెండెకరాల చెలక అమ్మవలసి వచ్చింది. అన్న సంతకం పెట్టాడు గాని సంతోషంగా పెట్టలేదు. ఆ తరువాత నాయనను తెచ్చుకొనేటప్పుడు, "నాయన ఎక్కడుంటే తుపాకి అక్కడే గదా" అని అన్నను ఒక్క మాటైనా అడగకుండా దానిని కూడా తెచ్చుకున్నాము. లైసెన్సులో చిరునామా మార్పించాము. చట్టం ప్రకారం అంతా సక్రమమే. కాని మా మనసులో ఉన్నది వేరు. ఊళ్ళో 'తుపాకి ఇల్లు' అంటే మా ఇల్లే. ఆ పేరు మాతో రావాలని మాకు లోలోపల ఆశ. ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుపడము.

అన్న ఏమీ అనలేదు. అన్న ఏమీ అనకపోవడమే అతని కోపమని మాకు తెలుసు. మూడేండ్లపాటు పండుగకు ఒక ఫోను, చావుకు ఒక ఫోను. అంతే.

2018 అక్టోబరులో శాసనసభ ఎన్నికల ప్రకటన వచ్చింది. ఎన్నికలప్పుడు లైసెన్సు ఆయుధాలు ఠాణాలో అప్పగించాలి గదా. నాయనకు ఆ నెలలో ఒంట్లో బాగుండక, మేమే ఆయనను ఆటోలో వెంటబెట్టుకొని వెళ్ళి అప్పగించాము. ఇంతకు ముందు ఊళ్ళో అప్పగించేటప్పుడు ఆయన గొట్టాలకు లోపలా బయటా నూనె పట్టించి, నూనె గుడ్డ చుట్టి ఇచ్చేవారు. ఈసారి ఆ పని మాకు చెప్పారు. మేము తొందరలో మందపు కాన్వాసు సంచిలో దూర్చి ఇచ్చేశాము. డిసెంబరులో ఎన్నికలు ముగిశాయి. తిరిగి తెచ్చుకొనే వీలు ఉన్నా, లోక్‌సభ ఎన్నికలకు మళ్ళీ ఇవ్వాల్సిందే గదా అని బద్ధకించాము. 2019 జూన్‌లో గాని తెచ్చుకోలేదు. తెచ్చిన సంచిని తెరిచి చూడకుండానే బీరువాలో పెట్టి తాళం వేశాము. ఆ బీరువా స్నానాల గది గోడకు ఆనుకొని ఉంటుంది. పైగా వానకాలం మొదలైంది.

సెప్టెంబరులో నాయన ఒకరోజు, "లైసెన్సు రెన్యువల్ దగ్గరికొస్తున్నది. తుపాకి ఒకసారి తుడిచి పెట్టున్రి. నేను సాయంత్రం చూస్త" అని చెప్పి, మధ్యాహ్నం పడుకున్నారు. మేము సంచి విప్పాము. కాన్వాసు లోపల తడి వాసన. గొట్టాల మీద పైనుండి కిందికి ఎర్రని మచ్చలు. కొన్ని కందిగింజంత, కొన్ని అర్ధరూపాయి బిళ్ళంత. సంచి మడత ఆనిన చోట పొడుగు చార. వేలితో రాస్తే పసుపు ఎరుపు పొడి వేలికి అంటింది.

నాయన లేచేలోగా దీనిని మాపెయ్యాలని మా ఆత్రం. ఆయన ఎదుట లేనప్పుడు, లైసెన్సు లేని మేము దానిని చేతబట్టడమే తప్పు. దానికి తోడు, మాకు తెలిసిన వైద్యం ఒకటే. ఇత్తడి బిందెకు చిలుము పడితే ఏం చేస్తాము? చింతపండు. ఇనుప తలుపుకు తుప్పు పడితే? గరుకు కాగితం. రెండూ తెచ్చాము. చింతపండు గుజ్జు రాసి పావుగంట ఉంచి, గరుకు కాగితంతో రుద్దాము. తుప్పు పోయింది! మురిసిపోయి కడిగి తుడిచి చూస్తే, తుప్పుతోపాటు నల్లని నిగనిగ కూడా పోయింది. ఎడమ గొట్టం మీద జానెడు మేర పాలిపోయిన తెల్లని ఇనుము, దాని నిండా అడ్డదిడ్డంగా గీతలు. మా గుండె జారిపోయింది.

వెనుక నుండి నాయన గొంతు. "ఏం రుద్దిన్రు బిడ్డా?"

చెప్పాము.

ఆయన చాలాసేపు ఆ తెల్లని మచ్చ మీద బొటనవేలు ఆనించి కూర్చున్నారు. తరువాత, "బిందె అనుకున్నరా?" అని మాత్రం అన్నారు. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

మా పక్కింట్లో ఒక పెద్దాయన ఉండేవారు. మేమూ వీధిలో వారూ ఆయనను 'సాబ్' అనే పిలిచేవాళ్ళము. కంచన్‌బాగ్‌లో రక్షణశాఖ లోహ పరిశోధనశాలలో ముప్పై ఏండ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. మా వైపు అటువంటి వారు కొందరు కనిపిస్తారు. ఆ పరిశోధనశాల, మిశ్ర ధాతు నిగమ్ కర్మాగారం రెండూ మాకు దగ్గరే గనుక. ఆయనకూ నాయనకూ పొద్దున నడకలో స్నేహం. మూసారాంబాగ్ వైపు వెళ్ళినప్పుడు అక్కడి ఫ్రెంచి సేనాని రేమాండ్ సమాధి చూపించి, "ఈయనే 1795లో మన హైదరాబాదులో ఫిరంగులు పోసే కార్ఖానా పెట్టించిండు. ఇప్పటి గన్‌ఫౌండ్రి పేరు దానిదే. 1798లో చనిపోయిండు" అని నాయనకు చెప్పేవారట. నాయన బదులుగా అడవిపందుల కథలు చెప్పేవారు. ఆ సాయంత్రం నాయనే మమ్మల్ని పంపి ఆయనను పిలిపించారు.

సాబ్ కండ్లద్దాలు సరిచేసుకొని గొట్టాన్ని దీపం కింద తిప్పి తిప్పి చూశారు. "అరె బేటా! బిందెకు చింతపండు దోస్తు. దీనికి దుష్మన్" అన్నారు. ఆయన ఆ రోజు చెప్పినది మేము ఒక నోటుబుక్కులో రాసుకున్నాము. ఊళ్ళలో ఇంకా తుపాకి ఉన్నవారికి మాత్రమే గాక, కొడవలి, కుట్టుమిషను, ఇనుప ట్రంకుపెట్టె ఉన్న ప్రతి ఇంటికి పనికివచ్చే మాటలు గనుక ఇక్కడ చెబుతున్నాము.

మొదటి మాట మమ్మల్ని ఆశ్చర్యపరచింది. తుపాకి మీది ఆ నల్లని నీలపు రంగు పెయింటు కాదు. అది కూడా ఒక రకమైన తుప్పే! ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలిసినప్పుడు రెండు తీరుల పొర ఏర్పడవచ్చు. ఒకటి ఎర్రనిది. తడి తోడైనప్పుడు పుట్టేది అదే. అది గుల్లగా, పొరలు పొరలుగా ఉబ్బి రాలుతుంది. తడిని స్పంజిలాగా పట్టి ఉంచుతుంది. కాబట్టి కింది ఇనుమును ఇంకా తింటూ పోతుంది. రెండవది నల్లనిది. అది గట్టిగా, సన్నగా ఇనుమును కరచుకొని ఉంటుంది. నూనెను పట్టి ఉంచుతుంది. తుపాకి చేసేవారు ఆ నల్లని పొరను కావాలని తెప్పిస్తారు. పాత పద్ధతిలో గొట్టాన్ని కావాలనే తుప్పు పట్టించి, శుభ్రమైన నీటిలో మరిగిస్తారు. మరిగేటప్పుడు ఎర్రది నల్లదిగా మారుతుంది. పైపొడిని మెత్తని బ్రష్షుతో దులిపి మళ్ళీ తుప్పు పట్టిస్తారు, మళ్ళీ మరిగిస్తారు. ఇలా ఎన్నోసార్లు చేస్తే ఆ నిగనిగ వస్తుంది.

"అంటే ఒకే తల్లి పిల్లలు. ఒకడు ఇల్లు కాపాడుతడు, ఒకడు ఇల్లు తింటడు" అన్నారు నాయన. సాబ్ నవ్వారు. మేము నవ్వలేకపోయాము.

ఆ నల్లని పొర మందం ఒకటి రెండు మైక్రాన్లకు మించదట. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తల వెంట్రుక అంతకు ఎన్నో రెట్లు మందం. గరుకు కాగితం నాలుగు రుద్దులకు ఆ పొర ఏం మిగులుతుంది? ఇక పులుపు సంగతి. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్, బజారులో అమ్మే తుప్పు మందులు, ఇవన్నీ ఆమ్లాలు. ఆమ్లానికి ఎర్ర తుప్పని, నల్ల పొరని తేడా తెలియదు. రెండింటినీ కరిగిస్తుంది. ఇత్తడి బిందె మీద మనకు కావలసింది లోపలి మెరుపు గనుక అక్కడ అది మేలు చేస్తుంది. ఇక్కడ మనం కాపాడవలసింది పైపొరను.

మరునాడు శనివారం. నాయన కుర్చీ వేసుకొని ఎదురుగా కూర్చున్నారు. లైసెన్సుదారు ఆయన గనుక ఆయన కండ్ల ముందే పని జరగాలి. తూటాల డబ్బా వేరే గదిలో తాళంలో ఉన్నది. అయినా మొదట తుపాకి మడత తెరిచి రెండు గొట్టాలూ ఖాళీయేనని ఆయన చూశారు, మేము చూశాము, సాబ్ చూశారు. తరువాత ముందు కర్రను తీసి, గొట్టాలను పిడి నుండి విడదీశాము. కర్ర భాగాన్ని దూరంగా పెట్టాము. నూనె, కిరోసిన్ కర్రలోకి ఇంకితే కర్ర నల్లబడి మెత్తబడుతుంది.

పొడి గుడ్డతో దుమ్ము తుడిచాము. తరువాత, ముందు కర్ర కప్పే చోట, బయటికి కనిపించని ఒక చిన్న మచ్చ మీద ముందుగా ప్రయత్నించి చూడమన్నారు సాబ్. అక్కడ రంగు చెడకపోతేనే మిగతా చోట చేయాలి. ఇది ఏ వస్తువుకైనా మంచి నియమము.

ఏం రాశామనుకుంటున్నారు? కుట్టుమిషను నూనె. అంతే. తుప్పు మచ్చలన్నిటి మీద పట్టించి, నూనెలో తడిపిన పాత నూలు పంచె ముక్క చుట్టి రాత్రంతా వదిలేశాము. నూనె మెల్లగా తుప్పు కిందికి దిగి దాని పట్టును వదులు చేస్తుందట. తొందరపడి రుద్దేవాడికంటే రాత్రంతా ఆగేవాడికి సగం పని నూనె చేసిపెడుతుంది. బాగా మొండిగా ఉంటే నూనెలో కొంచెం కిరోసిన్ కలపవచ్చు. పొయ్యికి దూరంగా, కిటికీ తెరిచి చేయాలి. కిరోసిన్ తుప్పును వదిలిస్తుంది గాని కాపాడదు. కాబట్టి దానిని పూర్తిగా తుడిచి, మళ్ళీ నూనె రాయాలి.

మరునాడు ఆరాధన నుండి వచ్చి, భోజనాలయ్యాక మళ్ళీ కూర్చున్నాము. ఉబ్బిన మచ్చలను పాత రాగి పైసా అంచుతో, పక్కకు పడుకోబెట్టి మెల్లగా గీకాము. రాగి ఉక్కుకంటే మెత్తన. తుప్పు పెళ్ళ ఊడుతుంది గాని ఉక్కు మీద గీత పడదు. చాకు గాని, స్క్రూడ్రైవరు గాని పెట్టరాదు. తరువాత దూదిలాగా ఉండే అతి సన్నని ఉక్కు పీచు, నాలుగు సున్నాల నంబరుది, నూనెలో ముంచి, పసిబిడ్డ ఒళ్ళు తుడిచినట్టు తేలికగా, గొట్టం పొడుగు వెంబడి రుద్దాము. పొడిగా రుద్దరాదు. గిన్నెలు తోమే పచ్చ పీచు పనికిరాదు. అందులో గరుకు రవ్వలుంటాయి. నాలుగు రుద్దులకొకసారి శుభ్రమైన గుడ్డతో తుడిచి చూడాలి. "గుడ్డకు ఎరుపు అంటినంతసేపు తుప్పు. ఎరుపు ఆగిందా, చెయ్యి కూడా ఆపాలె" అన్నారు సాబ్. తుప్పు తీయడంలో అన్నిటికంటే కష్టమైన పని ఎక్కడ ఆపాలో తెలియడమేనట.

గొట్టం లోపలికి కడ్డీకి కట్టిన కంచు బ్రష్షు, ఆ తరువాత నూనె గుడ్డ, ఆ తరువాత పొడి గుడ్డ. వెనుక వైపు నుండి దూర్చి ముందుకు తోయాలి. లోపల అద్దంలాగా ఉన్నది. నాయన ముఖం అప్పుడు కొంచెం తేటపడింది. లోపల గనుక గుంటలు పడి ఉంటే, అది కాల్చరాని తుపాకి. లైసెన్సు ఉన్న తుపాకి మేస్త్రీకి చూపించే వరకు దానిలో తూటా పెట్టరాదు. గొట్టం పలుచబడిన చోట పగిలితే పట్టుకున్న చేయి పోతుంది.

మూడు ఆదివారాలు పట్టింది. ఎర్రదనమంతా పోయింది. తుప్పు తిన్నచోట సూదిమొన అంత గుంటలు కొన్ని మిగిలాయి. అవి పోవు. పోయిన ఇనుమును ఎవరూ తిరిగి తేలేరు. తుప్పు తీయడమంటే జరుగుతున్న నష్టాన్ని ఆపడమే, జరిగిన నష్టాన్ని చెరపడం కాదు. కాని చుట్టూ నల్లని నిగనిగ ఎక్కడిదక్కడే నిలిచింది. మేము చింతపండు పెట్టిన జానెడు చోటు మాత్రం తెల్లగా ఉండిపోయింది.

"దీనికి మళ్ళీ రంగు వేయించవచ్చు గదా?" అని అడిగాము. మేస్త్రీ చేత చేయించవచ్చునన్నారు సాబ్. కాని ఇటువంటి జంట గొట్టాలను సీసం, తగరం కలిపిన టాంకాతో అతికిస్తారు. ఇప్పుడు ఎక్కువగా వాడే వేడి క్షార ద్రావణంలో ముంచితే ఆ టాంకా చెడిపోతుంది. నీటిలో మరిగించే పాత పద్ధతి దానికి సరిపోతుంది. అయితే అది తెలిసినవాడు చేయవలసిన పని.

నాయన తల అడ్డంగా ఊపారు. "వద్దు. ఆ మచ్చ ఉండనియ్యి. నూనె రాసి ఉంచితె అదేం జేయదు. ఇచ్చేటోనికి చూపించి ఇయ్యాలె" అన్నారు.

"ఎవరికి నాయనా?" అని అడిగాము.

ఆయన అప్పుడు చెప్పారు. లైసెన్సుదారుకు డెబ్బై ఏండ్లు నిండితే, లేదా తుపాకి ఇరవై ఐదేండ్లు తన దగ్గర ఉంటే, బతికి ఉండగానే వారసులలో ఒకరి పేరు చెప్పి లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టించవచ్చునట. 2016 ఆయుధ నియమాలలో ఉన్నది. సాబ్ చేత ఆ కాగితం చదివించుకున్నారు. ఆయనకు డెబ్బై ఎనిమిది. రెన్యువల్ మాట కేవలం తుపాకి బయటికి తీయించడానికే. ఆయన మనసులో ఉన్నది అన్న పేరు.

నిజం చెప్పాలి. మాకు ఒక్క క్షణం మనసు చివుక్కుమన్నది. మూడు వారాలు వేళ్ళు నొప్పి పుట్టేలా రుద్దింది మేము. ఆయనకు మందులు, ఆసుపత్రి చూస్తున్నది మేము. ఆ మాట మేము అనలేదు గాని మా ముఖాలు అన్నట్టున్నాయి.

"మీరు మంచిగనే చూసుకుంటున్నరు నన్ను. దీన్ని చూసుకోలె. ఎందుకంటె మీకు దీనితోని పని లేదు. పని లేని ఇంట్ల ఇనుము తుప్పు పడ్తది. వానికి పని ఉన్నది. మూడేండ్ల సంది రాత్రులు రేకు డబ్బాలు కొట్టుకుంట చెలకల తిరుగుతున్నడు. నాకు ఫోన్ల చెప్పడు. నీ వదిన చెప్పింది."

మేము తల వంచుకున్నాము. ఆ మూడేండ్లలో అన్న ఎన్ని ఎకరాల వేరుశనగ పోగొట్టుకున్నాడో మేము ఒక్కసారీ అడగలేదు. అతనికి అవసరమైనదాన్ని మా గొప్ప కోసం తెచ్చి, తాళం వేసి, తడి గోడకు ఆనించి పెట్టాము. మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో తుప్పును గురించిన మాటలు ఎన్నిసార్లు విన్నామో! అవి బంగారం, డబ్బు కూడబెట్టేవారికి చెప్పినవనుకున్నాము. మన బీరువాలో ఉన్న ఎదుటివాని వస్తువు గురించి కూడా అవి చెబుతున్నాయని ఆ ఆదివారం దాకా తోచలేదు.

ఆ రాత్రి అన్నకు మేమే ఫోను చేశాము. "అన్నా, ఒకసారి రా. నాయన పిలుస్తున్నడు. మేము కూడా పిలుస్తున్నము" అన్నాము. అటువైపు కాసేపు నిశ్శబ్దం. "పొద్దున బస్సుకు వస్త" అన్నాడు.

వచ్చాడు. వదిన పంపిన జొన్నపిండి, పచ్చి వేరుశనగకాయలు సంచిలో తెచ్చాడు. నాయన ముందు తుపాకిని పరిచి, మేమే వేలితో ఆ తెల్లని మచ్చ చూపించాము. ఎట్లా జరిగిందో దాచకుండా చెప్పాము. సంచి సంగతి, బద్ధకం సంగతి, చింతపండు సంగతి అన్నీ చెప్పాము. అడగకుండా తెచ్చుకున్న సంగతి కూడా చెప్పాము. ఆ ఒక్కటి చెప్పడానికి తుప్పు గీకినంత సేపు పట్టింది.

అన్న ఆ మచ్చను చూసి మొదట ఏమీ అనలేదు. తరువాత, "చింతపండా?" అన్నాడు. పెదవి చివర నవ్వు కదిలింది. "ఉప్పు కూడా ఏసిన్రా లేక చప్పగనే పెట్టిన్రా?" అన్నాడు. నాయన ముందు నవ్వారు. తరువాత అందరమూ నవ్వాము. ఎన్నాళ్ళకో అన్న మా ఇంట్లో నవ్వడం!

దరఖాస్తు, విచారణ, సంతకాలు అన్నీ ముగిసేసరికి 2020 ఫిబ్రవరి అయింది. అన్న వచ్చి తుపాకిని చట్టప్రకారం తీసుకువెళ్ళాడు. వెళ్ళేముందు సాబ్ అతనికి నాలుగు మాటలు చెప్పారు. కాన్వాసు సంచిలో, తోలు సంచిలో నిలువ ఉంచవద్దు. అవి తడిని పట్టి ఉంచుతాయి. ముట్టుకున్న ప్రతిసారీ చేతి చెమట ఉప్పు పోయేలా నూనె గుడ్డతో తుడువు. నూనె పలుచగా రాయి, ఎక్కువైతే జారి కర్రలోకి దిగుతుంది. నూనె పెట్టిన కొత్తలో ఒకరోజు గొట్టం మూతి కిందికి ఉండేలా నిలబెట్టు. కొబ్బరినూనె, వేరుశనగనూనె రాయవద్దు, అవి కొన్నాళ్ళకు జిగురు కడతాయి. వానకాలం నెలకొకసారి తీసి చూడు. అన్న అన్నిటికీ తల ఊపి, "నాయన ఇవన్నీ చెప్పిండు సాబ్. మేమే వినలే" అన్నాడు.

2020 అక్టోబరు మధ్యలో హైదరాబాదును ముంచెత్తిన వానలు మీకు గుర్తుండే ఉంటాయి. మా సందులోకీ మోకాటి లోతు నీళ్ళు వచ్చాయి. నీళ్ళు తీసిన తరువాత చూస్తే అమ్మ కుట్టుమిషను మీద ఎర్రని పూత. ఈసారి చింతపండు జోలికి పోలేదు. గరుకు కాగితం జోలికి పోలేదు. పొడి గుడ్డ, నూనె, ఒక రాత్రి ఓపిక, రాగి పైసా. మిషను మళ్ళీ తిరిగింది. దాని నల్లని రంగు, బంగారు అక్షరాలు చెక్కు చెదరలేదు. నాయన పక్కన కూర్చొని చూస్తూ, "ఇప్పుడు నేర్చుకున్నరు" అన్నారు. ఆయన నోట మేము విన్న మెప్పు అదొక్కటే.

2021లో నాయన ప్రభువునందు నిద్రించారు. సమాధి కార్యక్రమానికి ఊరికి తీసుకువెళ్ళాము. ఆ రాత్రి అన్న ఇంట్లో ఉన్నాము. అన్న తుపాకి తీసి, మడత తెరిచి, రెండు గొట్టాలూ దీపానికి పెట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. తరువాత మా చేతికి ఇచ్చి, "మీరు కూడా చూడున్రి" అన్నాడు. చూశాము. అప్పుడు గుడ్డ తీసి తుడవడం మొదలుపెట్టాడు. ఎడమ గొట్టం మీది తెల్లని మచ్చ దగ్గరికి వచ్చేసరికి అతని చేయి నెమ్మదించింది. అక్కడ పూత లేదు గనుక దానికి నూనె ఇంకొంచెం ఎక్కువ కావాలి. ఆ మచ్చ మీద ఇప్పటికీ తుప్పు పట్టలేదు.